నాగమణి అక్క దినం ఏడ?

ఈ మాటలు అచ్చులో ఉండి తీరాలి. ఏన్కూరులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఉన్నది అబద్ధం. దాన్ని రాసిచ్చింది నేనే.

నాగమణి అక్క గుండెపోటుతో పోయిందన్న కబురు నాకు గ్రంథాలయంలో అందింది. చేతిలోని పుస్తకం మూయాలని కూడా తోచలేదు. బడి చిన్నప్పుడే మానేసి, ఆ గ్రంథాలయం బల్ల దగ్గరే చదువు కూడబెట్టుకున్నవాణ్ణి. కర్మ కార్డులకూ ఫ్లెక్సీలకూ మాటలు కావాలంటే ఊరంతా నా దగ్గరికే వస్తుంది. అది నాకు గర్వంగానే ఉండేది.

అక్క మగబిడ్డగా పుట్టి ఆడమనిషిగా బతికింది. ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్యం మీద పరిశోధనకు విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చినప్పుడు, ఈ అడవి అంచు ఊళ్లలో తిరిగి ప్రశ్నలు అడిగే పని ఆమెది. ఏ ప్రశ్నకైనా ముందు తన జవాబు చెప్పేది. తర్వాతే ఎదుటివాళ్లను అడిగేది.

"అట్లా చెబితే వాళ్లూ మీలాగే చెబుతారమ్మా" అని పరిశోధన చేసే సారు అభ్యంతరపెట్టారు.

"నా ఒంటి సంగతి దాసుకొని వాళ్లదెట్ల అడగాలె సార్?" అంది. సారు ఆలోచించి, ఆ పద్ధతిని కూడా తన రాతలో చేర్చుకున్నారు.

చండ్రుగొండలో, అక్కలాగే ఆడమనిషిగా బతికే లలిత జ్వరంతో తలుపేసుకుని పడుకుంది. దవాఖానాకు ఎందుకు పోలేదన్నది ప్రశ్న. అక్క గడప బయట కూర్చుంది.

"నా సంగతి ఇను బిడ్డా. ఆడోళ్ల లైన్ల నిలబడితే ఎల్లగొట్టిండ్రు. మగోళ్ల లైన్ల నిలబడితే గిల్లిండ్రు. వీళ్లకంటె జ్వరమే నయమని ఇంటికొచ్చి పండుకున్న."

లోపల నవ్వు వినబడింది. "నన్ను గూడ గిల్లిండ్రక్కా!" తలుపు తెరుచుకుంది. మర్నాడు దవాఖానాలో ఆడవాళ్ల వరసలో లలితకు ముందు అక్కే నిలబడి, "ఎల్లగొడితే ఇద్దర్నీ ఎల్లగొట్టుండ్రి" అందట. ఎవరూ వెళ్లగొట్టలేదు.

సర్వేలో పేర్లు రాయరు. "పేరు నీ దగ్గర్నే పెట్టుకో బిడ్డా, నువ్వు సంపాయించుకున్నది అదొక్కటే" అని అందరికీ చెప్పేది.

ఆ పేరే నేను తీసేశాను. ఆమె తమ్ముడు వెంకన్న ఏడ్చిన కళ్లతో వచ్చి, "అన్నా, ఇంట్ల పెట్టిన పేరే ఎయ్యి. సుట్టాలొస్తరు" అన్నాడు. కాదనలేకపోయాను. బడినాటి ఫొటో కింద ఆ పాత పేరు పెట్టి, 'పరోపకార పరాయణుడు, అజాతశత్రువు' అంటూ చదివిన సమాసాలన్నీ పేర్చాను.

కర్మ రోజు లలిత, అక్కతో సర్వేలో తిరిగిన తిరుమలాయపాలెం రజియా కలిసి వచ్చారు. ఫ్లెక్సీ చూసి, ఇది వేరేవాళ్లదనుకుని దాటిపోయారు. కాసేపటికి తిరిగొచ్చి, షామియానా బయటే ఆగి, రజియా నన్ను అడిగింది.

"అన్నా, నాగమణక్క దినం ఏడ?"

"ఇక్కడే."

"మరి గీయన ఎవరు? ఎవరు రాసిండ్రు గిది?"

"నేనే."

"సదువుకున్నోనివి గదన్నా నువ్వు."

తిట్టినా బాగుండేది.

ఈ సంగతులు చెప్పిన రజియాకు, లలితకు కృతజ్ఞతలు. మీ పేర్లు రాయనా అని అడిగితే, "సర్వేల రాయలె, నీ రాతలనన్న రాయన్నా" అంది లలిత. అక్క పేరు అచ్చేయడానికి చివరికి సరేనన్న వెంకన్నకు కృతజ్ఞతలు. మూసిన తలుపు ముందు అట్లా కూర్చునే మనిషి ఈ ఊళ్లకు ఇక దొరకదు. అందరికన్నా పెద్ద ఋణం ఆమెకే. ఆమె నేర్పినట్టే ముందు నా సంగతి చెప్పాను. ఆమె పేరు నాగమణి.