పూడ్చిన బిడ్డను బయటికి తీయించాను

ముందే చెబుతున్నాను, నాకు రాయడం సరిగా రాదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం పెట్టాలో ఇప్పటికీ తెలియదు. అక్షరాలు చూసి నవ్వుకున్నా పర్వాలేదు, మధ్యలో మాత్రం వదిలేయకండి.

మాది రాజోలి దగ్గర ఒక పల్లె. నా బిడ్డ దసరా సెలవుల్లో పత్తి చేన్లకు క్రాసింగ్ పనికి పోయేది. విత్తనాల పత్తిలో మగ పువ్వును ఆడ పువ్వుకు అద్దే పని అది. మా దిక్కు ఆడపిల్లలు చాలామంది చేస్తారు. ఆ రోజు మగ పూలు తెంపాలని అందరికంటే ముందు, ఇంకా మసక ఉండగానే పోయింది. కాసేపటికే చేను ఆసామి ట్రాక్టర్‌లో తెచ్చి మా వాకిట్లో పండబెట్టాడు.

"పాము ముట్టిందమ్మా. దవాఖానకు తీస్కపోదామంటే పానమే లేకపాయె" అన్నాడు.

నేను నేల మీద పడి ఏడుస్తూనే ఉన్నాను. ఇంతలో ఆయనే ఒక ట్రాక్టర్ నిండా కట్టెలు పంపించాడు. "ఖర్చంత నాదే, జల్ది కానియ్యుండ్రి" అన్నాడు. ఆయన మా కులం కాదు, మా పద్ధతి ఆయనకు తెలియదు. మా అత్త లేచి ఆయన మీదికి పోయింది.

"ఏందయ్యా, పెండ్లిగాని పిల్లను కాలుస్తరా? మీ ఇంట్ల గట్ల జేస్తరేమో, మా తాన పూడుస్తం. నీ కట్టెలు నువ్వే తీస్కపో!"

కట్టెల ట్రాక్టర్ వచ్చిన దారినే పోయింది.

బిడ్డకు పసుపు రాసి నీళ్లు పోసింది నేనే. మోకాళ్ల కింద, రెండు కాళ్లకూ అడ్డంగా నల్లగా కాలిన గీత ఉంది. పాము కాటు అట్లా ఉండదు. చూశాను, కానీ అప్పుడు నోరు పెగల్లేదు. మధ్యాహ్నానికే పూడ్చేశారు.

మరునాడు ఎవరికీ చెప్పకుండా ఆ చేనుకు పోయాను. గట్టు వెంట పొట్టి కట్టెలు పాతి ఉన్నాయి. అడవి పందులు రాకుండా కొందరు అట్లాంటి కట్టెలకు తీగ చుట్టి రాత్రిపూట కరెంటు పెడతారు. కట్టెలు ఉన్నాయి, తీగ లేదు. కట్టె పక్కన నిలబడి చూస్తే సరిగ్గా నా మోకాలి కిందికి వచ్చింది. అప్పుడు అర్థమైంది.

మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టడానికి చుట్టాలందరూ సమాధి దగ్గరికి వచ్చారు. అక్కడే చెప్పాను, బిడ్డను తీయించి డాక్టర్‌కు చూపించాలని. అందరూ నన్ను దయ్యం పట్టినదాన్ని చూసినట్టు చూశారు.

"ఏమే, పిచ్చి లేసిందా నీకు? పూడ్సిన పిల్లను తవ్వుతరా ఎక్కడన్న? దాన్ని నిమ్మలంగ పండనియ్యవా?" అంది అత్త.

"అదేడ నిమ్మలంగుందత్తా? కరెంటుకు సచ్చిన పిల్లను పాము కరిసిందని పండవెట్టినం."

నా భర్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకొని, "పా, స్టేషన్‌కు పోదాం" అన్నాడు.

తహసీల్దారు, పోలీసులు, డాక్టర్ వచ్చారు. తవ్వడానికి మాత్రం మా వాళ్లు ఒక్కరూ రాలేదు. నా భర్తే పార పట్టుకున్నాడు. డాక్టర్ గుడ్డలు అడ్డం కట్టించి అక్కడే చూశాడు. కరెంటుకే చనిపోయిందని తర్వాత కాగితం వచ్చింది. ఆ రోజు మళ్లీ పూడ్చేటప్పుడు మా అత్త పసుపు తెచ్చింది. నాతో మాట్లాడలేదు, కానీ తెచ్చింది.

కేసు గద్వాల కోర్టుకు పోయింది. నాకు కావలసింది ఒక్కటే, నా బిడ్డ ఎట్లా చనిపోయిందో అందరి ముందు నిజం బయటపడాలి. అయిజ సంతలో పెద్దమనుషులు నన్ను ఆపి రాజీ మాట మొదలుపెట్టారు.

"పోయిన పిల్ల ఎట్లాగూ రాదమ్మా. జర ఆలోచన జెయ్."

"తీగ కట్టింది నేనేనని ఆయన్ని ఊరి నడుమ నిలవడి చెప్పుమనుండ్రి. గప్పుడు మాట్లాడుదాం."

మళ్లీ ఎవరూ అడగలేదు. గట్టు మీద తీగ ఉండేదని పోలీసులకు చెప్పిన తోటి కూలోళ్లు మాత్రం కోర్టులో మాట మార్చారు. ఆ చేన్లో పని చేసుకునే బతకాలి కదా, వాళ్లను తిట్టలేదు. వాయిదా మీద వాయిదా. గేటు దగ్గర చాయ్ అమ్మే ఆమె నన్ను చూడగానే నవ్వేది.

"మల్లొచ్చినవా అక్కా? జడ్జి సారు కన్న నీ హాజరే ఎక్కువుంది!"

"సారు సెలవు వెడ్తడు, నేను పెట్ట" అనేదాన్ని.

బోనులో నిలబడ్డ రోజు ఆసామి వకీలు గట్టిగా అడిగాడు.

"కాలిన గుర్తు చూశానంటున్నావు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? మూడు రోజులు ఆగి ఎవరు నేర్పితే చెప్పావు?"

"ఎవలు నేర్పలే సారూ. కన్నబిడ్డకు ఆఖరి నీళ్లు పోసేటప్పుడు నోట్ల మాట ఏడికెళ్లి వస్తది? గా మచ్చ మీద నా చేతుల్తోని పసుపు రాసిన. అబద్ధమైతే సర్కారు డాక్టర్‌కెట్ల కనవడ్డది?"

వకీలు ఇంకేదో అడగబోయాడు. జడ్జి సారు రాసుకుంటూ, "చాలు" అన్నారు.

తీర్పు రోజు నాకు అర్థమైనవి రెండే మాటలు, కరెంటు తీగ, శిక్ష. నా భర్త బయటికి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాడు. నేను ఏడవలేదు. మా తరఫు వకీలమ్మను అడిగితే, ఆసామి వాళ్లు హైదరాబాదుకు అప్పీలు పోతారని చెప్పింది. అట్లాగే పోయారు. ఆసామి బెయిలు మీద ఊళ్లోనే తిరుగుతున్నాడు. ఎదురైతే నేను తల దించను, ఆయనే బండి పక్కకు తిప్పుకుంటాడు.

హైదరాబాదులో ఆ కోర్టు ఎక్కడుందో నాకు తెలియదు. దారి అడుగుకుంటూ పోతాను. నేను రానవసరం లేదని వకీలమ్మ అంటోంది. అయినా పోతాను. నా బిడ్డ కరెంటు తీగకే చనిపోయిందన్న మాట పైకోర్టులో కూడా నిలబడాలి, అది నా చెవులతో నేను వినాలి.

చేయి నొప్పి పుడుతోంది, ఇంతకంటే రాయలేను. ఎక్కడైనా తప్పు రాసి ఉంటే మీరే సరిచేసుకొని చదవండి, నన్ను మన్నించండి.