ఐదో సెట్‌కు నేను రాసిన స్లిప్

పద్నాలుగేళ్ల కిందట, నవంబరులో, శ్రీకాకుళం జిల్లా మహిళల వాలీబాల్ జట్టుకు కోచ్‌గా నన్ను విజయనగరం పంపారు. అంతర్ జిల్లాల పోటీలు. అప్పటికి నేను ఆమదాలవలస దగ్గర ఒక జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. నిరుడు మోకాళ్లు మొరాయించడంతో, యాభై నాలుగేళ్లకే ఉద్యోగం వదిలేశాను. ఆ పోటీల ఫైనల్లో ఐదో సెట్ నా వ్యూహం వల్లే గెలిచామని జిల్లాలో చాలామంది నమ్ముతారు. నమ్మించినవాణ్ణి నేనే. అది నిజం కాదు.

జట్టు కెప్టెన్ నూకరత్నం. ఆమదాలవలస పక్క పల్లెలో వరి పండించుకునే ఇంటి పిల్ల, పందొమ్మిదేళ్లు. ఆమె సెట్టర్. అంటే బంతి మా వైపు వచ్చాక రెండోసారి తాకేది ఎప్పుడూ ఆమే. ఎవరు కొట్టాలో, ఎక్కడినుంచి కొట్టాలో తేల్చుకుని బంతి లేపి ఇస్తుంది. ఫైనల్ చూడటానికి రాష్ట్ర సెలెక్టర్లు ఇద్దరు వచ్చారు. రాష్ట్ర శిబిరంలో సెట్టర్‌కు ఒకే ఒక్క చోటు ఖాళీ ఉందని మా అందరికీ తెలుసు.

ఆట ఎరగనివారి కోసం ఒక మాట. ప్రతి సెట్‌కూ ముందు కోచ్ ఒక చిన్న చీటీ నింపి, సంతకం చేసి రెండో రిఫరీకి ఇవ్వాలి. దాన్ని లైనప్ స్లిప్ అంటాం. వల దగ్గర ముగ్గురు, వెనక ముగ్గురు; ఆరు గళ్లు, ఆరు జెర్సీ నంబర్లు. సర్వీస్ మన చేతికి వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లులా ఒక్కో చోటు జరుగుతారు. ఎవరి తర్వాత ఎవరన్నది ఆ సెట్ మొత్తం మారదు. స్లిప్ ఇచ్చాక కోచ్ దాన్ని దిద్దడానికి లేదు.

చెరి రెండు సెట్లు గెలిచాం. ఐదో సెట్ పదిహేను పాయింట్లకే. మామూలుగా నేను వెనక గీత దగ్గర వలకేసి తిరిగి నిలబడి స్లిప్ రాస్తాను. ఆ రోజు పిల్లల్ని మందలిస్తూ, వలకు వీపు పెట్టి, వాళ్లకెదురుగా నిలబడి నింపాను. వాళ్ల ఎడమ నాకు కుడి అయింది. వరుస మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడింది. చూసుకోలేదు. సంతకం పెట్టి ఇచ్చేశాను.

రెండో రిఫరీ స్లిప్‌ను, నిలబడ్డ పిల్లల్ని పోల్చి చూసి తల అడ్డంగా ఊపాడు. స్లిప్‌లో ఉన్నట్టే నిలబడాలి, నిబంధన అది. రత్నం రిఫరీ దగ్గరికెళ్లి, వరుస ఒక్కసారి చెప్పమని అడిగింది. కెప్టెన్‌కు ఆ హక్కు ఉంది. విని నావైపు తిరిగింది.

"ఏటండీ మేస్టారూ, తిరగేసి రాసీసినారా?"

తలూపాను. ఆమెకు నవ్వొచ్చింది. మా జట్టులో పొడుగరి జానకికి మాత్రం ఏడుపొచ్చింది. "ఇప్పుడు నానెక్కడ నిలబడాలే?"

"ఏడుపాపయే ఒసే. మన టేసన్లో రైలు సూడ్లేదేటి? ఇంజిను అటేపు తగిలిస్తే ఎనకపెట్టె ముందుకొస్తాది. పక్కపెట్టెలు మారిపోతాయేటి? అవే ఉంటాయి. నీకు ముందున్నది ఎనకుంటాది, ఎనకున్నది ముందుంటాది. అంతే."

"తప్పు దారి ఎల్లిపోతేనో?"

"సొక్కా పట్టుకుని లాగుతాను. పద!"

మొదట మూడు పాయింట్లు పోయాయి. చోటు మారిన ప్రతిసారీ రత్నం "పెట్టె!" అని అరిచేది. జానకి చొక్కా నిజంగానే రెండుసార్లు లాగింది. తర్వాత ఆట కుదురుకుంది. నాలుగు సెట్లుగా మా పాత వరుసను కంఠస్థం చేసిన అవతలి పిల్లలు ఒక పక్క అడ్డుకోవడానికి ఎగిరితే, రత్నం బంతిని రెండో పక్కకు లేపేది. జనానికీ హుషారొచ్చి, చోటు మారినప్పుడల్లా "పెట్టె!" అని వాళ్లూ అరవడం మొదలెట్టారు. విజిల్ నోట్లో పెట్టుకున్న రిఫరీకి నవ్వాపుకోవడం కష్టమైంది. పదిహేను, పదకొండు. జానకి రత్నాన్ని భుజాన వేసుకుని కోర్టు చుట్టూ పరుగెత్తింది. నా ఉద్యోగంలో నేను చూసిన అత్యుత్తమ సెట్ అది.

విలేకరులు వచ్చారు. "అవతలివాళ్లు మా వరుస చదివేశారు, అందుకే తిప్పాను" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! కాసేపటికి ఒక సెలెక్టర్, ఆ అమ్మాయి సొంతంగా ఆలోచిస్తుందా, మీరు చెప్పింది చేస్తుందా అని అడిగాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తుందన్నాను. మొదటి అబద్ధాన్ని నిలబెట్టుకోవాలంటే అదే చెప్పాలి. ఆ చోటు వేరే జిల్లా అమ్మాయికి వెళ్లింది.

తిరుగు బస్సులో రత్నం నా పక్క సీటులోకి వచ్చి కూర్చుంది. "నానెవులికీ సెప్పను మేస్టారూ. సెప్పవలసింది మీరు" అంది. నేను చెప్పలేదు. పైగా కోచ్‌ల శిక్షణలో రెండుసార్లు ఆ 'వ్యూహాన్ని' బోర్డు మీద బొమ్మ వేసి బోధించాను.

రెండేళ్ల తర్వాత ఆమె ఎవరి మాటసాయమూ లేకుండా రాష్ట్ర జట్టులోకి వెళ్లింది. ఆరేళ్లు ఆడి, కోచ్ శిక్షణ పూర్తి చేసి, ఇప్పుడు భోగాపురం వైపు ఒక బాలికల వసతి పాఠశాలలో కోచ్‌గా ఉంది. ఈ వేసవి శిబిరానికి నన్ను పిలిచింది. వారానికొక పూట పిల్లలందరినీ తిరగేసిన వరుసలో ఆడిస్తుంది. వాళ్లు దాన్ని రివర్సు బండి అంటారు. ఒకరినొకరు గుద్దుకుంటూ, తిట్టుకుంటూ, పగలబడి నవ్వుకుంటూ ఆడుతున్నారు. ఆట అయ్యాక రత్నం "ఈయన మా మేస్టారు" అని మాత్రం పరిచయం చేసి మైకు ఇచ్చింది. స్లిప్ దగ్గర్నుంచి సెలెక్టర్ దాకా అంతా చెప్పాను.

ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "అయితే ఆ సెట్లో మీరేటి సేసినారండీ?"

"బెంచీ మీద కూర్చున్నాను."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినది రత్నం. నవ్వాపుకుని, "ఆ రోజు వరస సరిసేసుకోడానికి నాకు దొరికినది అరనిమిషం. నిజం సెప్పడానికి మీకు పద్నాలుగేళ్లు పట్టినాదేటి?" అంది. జవాబు కోసం ఆగకుండా నాకు మజ్జిగ తెమ్మని పిల్లల్ని పంపింది.

జిల్లా సంఘానికి కూడా ఇదంతా రాసి ఇచ్చాను. ఆ ఏటి చోటు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. నేర్చుకున్నది ఇంతే. స్లిప్ కోచ్‌ది, అందులో తప్పుంటే అదీ కోచ్‌దే. కోర్టులో ఆడిన ఆట ఆడినవాళ్లది. సెలెక్టర్ అడిగినప్పుడు కోచ్ తను చేసినది కాదు, తను చూసినది చెప్పాలి. నేను చూసినది ఇది: నూకరత్నం సొంతంగా ఆలోచిస్తుంది.