తునికాకుల మీద ఆరు అంకెలు

నా చిన్నప్పుడు లెక్కలంటే నాకు నిజంగానే ఒళ్ళు వెచ్చబడేది. అప్పుడు ఐదో తరగతి. బోధన్‌లో మా వాడలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది బడి మానేసి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవారు. మా బాపు ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. "ఈసారి లెక్కల్ల తప్పితే నువ్వు గూడ చాట వట్టుడే" అని తేల్చేశాడు. ఆయన మాటంటే మాటే. నాకేమో ఎక్కాలు వచ్చు గానీ నమ్మకం లేదు. వేసిన లెక్క వేసినట్టే చెరిపేసేదాన్ని. పలక మీద అంకెలకంటే నా ఉమ్మే ఎక్కువ!

పక్కింటి అక్క నిజామాబాద్‌లో మెట్రిక్ చదివి మా వాడకు కోడలై వచ్చింది. ఎంత మంచి మనిషనుకున్నారు! ఒక సాయంత్రం నా ఏడుపు విని వచ్చి, పలక మీద 142857 అని రాసింది. రెండు నుంచి ఆరు దాకా ఏదో ఒక అంకెతో గుణించి, జవాబులో మొదటి అంకె మాత్రం చెప్పమంది. నేను మూడుతో గుణించి "నాలుగు" అన్నాను. అక్క పలక వైపు చూడకుండానే "నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు, ఒకటి" అని చదివేసింది. అక్షరాలా అదే!

"నీకు మంత్రమొస్తదా అక్కా?"

అక్క పకపకా నవ్వి, అమ్మ బీడీలకు కత్తిరించి పెట్టిన తునికాకు ముక్కలు ఆరు తీసుకుంది. వాటి మీద సుద్దముక్కతో ఆ ఆరు అంకెలూ రాసి, అదే వరుసలో గుండ్రంగా పేర్చింది. "యాడికెల్లి మొదలువెట్టాలె, గదొక్కటే ఎరుకుండాలె బిడ్డా" అంది. నాలుగు దగ్గర మొదలుపెట్టి చుట్టూ చదివితే 428571, మూడింతలు. రెండు దగ్గర మొదలుపెడితే 285714, రెండింతలు. ఆరింతల దాకా అవే అంకెలు, అదే వరుస. అంత పెద్ద సంఖ్యకు అంత ఒద్దిక ఎక్కడిదా అని దాని మీద నాకు ముద్దొచ్చింది.

"ఇగ ఏడుతోని చెయ్యి" అంది అక్క.

చేశాను. తొమ్మిది వచ్చింది. పక్కన మరో తొమ్మిది. అన్నీ తొమ్మిదులే! ఆకుల మీద తొమ్మిది లేనేలేదు కదా. మళ్ళీ తప్పాను, ఇక నా బడి పోయినట్టే అనుకుని చెరపబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. తప్పేడుందో సూపియ్యి, అప్పుడు సెరుపు."

ఏడేడ్ల నలభై తొమ్మిది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అంకే చూసుకుంటూ పోయాను. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. 999999!

"తప్పు లేదక్కా!" అని అరిచాను.

"షాబాష్! మరి గింతసేపు ఎందుకేడ్సినవే?" అంది.

పరీక్షలో ఒక జవాబు వింతగా కనిపించి చెయ్యి చెరపడానికి లేచింది. ఆపుకుని, మొదటి నుంచి చూసి, అలాగే వదిలేశాను. పాసయ్యాను. బాపు ఆరో తరగతికి కొత్త పలక తెచ్చిచ్చాడు.

అక్క ఇప్పుడు లేదు. నాకు డెబ్బై దాటాయి. నేను చేసిన పని మీద నాకే అనుమానం వచ్చి చెరిపేయబోయినప్పుడల్లా మణికట్టు మీద ఆ వేళ్ళు తగులుతాయి. తప్పెక్కడుందో ముందు చూపించమంటాయి.