ఎడమవైపు చివరి వత్తి

చెక్కకు కొట్టిన రెండు మేకుల మధ్య బూడిదరంగు ఉన్నిని అటూ ఇటూ చుడుతున్న వత్తులక్క లెక్క తప్పింది. చుట్టేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. పోగులు లెక్కపెడుతూ పెదాలు మాత్రం కదులుతుంటాయి. ఇవాళ ఆ పెదాలకు వదినకు జవాబు చెప్పే పని కూడా పడింది.

“రేపు కిటికీ పక్కన నేనే కూర్చుంటాను. ముందే చెబుతున్నా, తర్వాత పేచీ పెట్టకు,” అంది వదిన, మంచం మీద శాలువా మడతపెడుతూ.

“కూర్చోండి వదినా.”

“అదేంటి, అంత నీరసంగా అంటావు? నేనింత బతిమాలి టికెట్లు సంపాదిస్తే నీకేమో ముళ్ళ మీద కూర్చోబెడుతున్నట్టు ఉంది.”

“నీరసం కాదు. లెక్క.”

“ఏం లెక్కో! నాలుగు దారాలు అటూ ఇటూ అయితే రైలు కదలనంటుందా?”

కదలననే అంటుంది. ఆ సంగతి విడమరిచి చెప్పాలంటే చేతిలో పని ఆపాలి. వత్తులక్క నాలుగు చుట్లు విప్పి, మళ్ళీ చుట్టి, మధ్యలోంచి ఇనప తీగ దూర్చి పట్టకారుతో మెలిపెట్టింది. తోకలు కత్తిరించి, కొలత కోసం దగ్గర పెట్టుకున్న గొట్టం ముక్కలో వత్తిని దింపి చూసింది. వదిలేస్తే జారకూడదు, తోస్తే మొరాయించకూడదు. సరిపోయింది.

అప్పటికే గుమ్మంలో ఇంజన్ డ్రైవరు వచ్చి నిలబడ్డాడు. “అక్కా, అయిందా? రాత్రంతా నూనెలో నానాలి.”

“అయింది తమ్ముడూ. ఇది పొడుగుది, ఎడమవైపు చివరి చక్రానికి.” మిగతా వత్తుల పక్కన దాన్ని కూడా రేకు డబ్బాలో పెట్టి ఇచ్చింది. అతను మరో మాట లేకుండా వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఎప్పుడూ అంతే.

తెలియనివాళ్ళు కొందరు ఆమె పేరు విని దీపం వత్తుల కోసం వస్తారు. ఎదురు కొట్టు చూపిస్తుంది. ఆమె చేసే వత్తులు ఆవిరి ఇంజన్‌కి. ఊరి షెడ్డులో పాత ఇంజన్ ఒకటుంది. అప్పుడప్పుడూ దానికి పాత పెట్టెలు తగిలించి, సరదాపడేవాళ్ళను పొద్దున్నే కొండల్లోకి తీసుకెళ్ళి సాయంత్రానికి తిరిగి తెస్తారు. ఆ ఇంజన్‌లో ఒక్కో ఇరుసు మీదా నూనె డబ్బా, డబ్బాలో నిటారుగా ఓ సన్నని గొట్టం ఉంటాయి. వత్తి తల గొట్టంలోకి, తోకలు నూనెలోకి. ఉన్ని నూనెను పీల్చి, గొట్టంలోకి చుక్కచుక్కగా వదలాలి. వత్తి బిగువైతే ఇరుసు ఎండిపోతుంది. వదులైతే నూనె పట్టాలపాలు.

అసలు ఆమె వృత్తి స్వెట్టర్లు అల్లడం. చెప్పుల కొట్టుకూ సైకిల్ షాపుకూ మధ్య ఇరుకు గది, ఓ బల్ల, ఓ బుట్ట. అల్లిక ఎవరూ నేర్పలేదు. చిరిగిన స్వెట్టరును వరస వరసా విప్పుతూ, ఎలా అల్లారో చూసుకుని, తిరిగి అల్లుతూ నేర్చుకుంది. వత్తులూ అంతే. వాటిని చేసే పెద్దాయన పోయాక, డ్రైవరు ఓరోజు జిడ్డోడుతున్న పాత వత్తిని కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని పోగు పోగుగా విప్పింది. మొదట చేసినవన్నీ అతను తిరిగి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి పోయేవాడు. కొన్నాళ్ళకు తేవడం మానేశాడు. ఆమె దాన్నే మెప్పు కింద జమకట్టుకుంది.

ఆ రైలు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. తన చేతిపని కింద తిరుగుతుంటే పైన కూర్చుని కొండలు చూడటం ఆమె వల్ల కాదు. భర్త పంపుల మెకానిక్. “పొగ పీల్చడానికి టికెట్ కూడానా?” అని ఆయన తప్పించుకున్నాడు. భర్త అక్క నుంచి తప్పించుకోవడం ఆమెకు చేతకాలేదు.

మర్నాడు పొద్దున్న రైలు కదిలిన దగ్గర్నుంచీ వత్తులక్క కాలుగాలిన పిల్లిలా ఉంది. పాతకాలపు పెట్టె అది. ఏ గదికి ఆ గది, తలుపులు నేరుగా ప్లాట్‌ఫారం మీదికే. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచే దారి లేదు. బండి వేగం తగ్గినప్పుడల్లా ఆమె చెవి చక్రాల చప్పుడు వైపే పోతోంది. లేచి నిలబడుతుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది.

“పెళ్ళిచూపుల్లో కూడా నువ్వింత కంగారుపడలేదే మరదలా! అదిగో, వాగు చూడు, వాగు!” అంది వదిన. ముక్కు మీద మసి పడి, ఆమె మాత్రం మహారాణిలా ఉంది.

చేతులకు ఏదో పని ఉంటే గానీ లాభం లేదనుకుని వత్తులక్క సంచిలోంచి సూదులూ, నిన్న మిగిలిన బూడిదరంగు ఉండా తీసి టోపీ ఒకటి మొదలుపెట్టింది. కాసేపటికి దారం సూది మీద అవసరానికి మించి తేలిగ్గా జారింది. ఆగి, వేళ్ళతో నలిపింది. పళ్ళ మధ్య పెట్టి కొరికింది. ఉన్ని అయితే మెత్తగా నలుగుతుంది. ఇది కిచుమంది.

“వదినా, ఈ ఉండ ఎవరు చుట్టారు?”

“ఇంకెవరు, నేనే! మొన్న నీ బుట్ట చూస్తే కడుపు తరుక్కుపోయింది, అన్నీ తుంపులే. ఒకే రంగువి రెండు చిన్న ఉండలు కనిపిస్తే కలిపి ఒకటి చేశాను. ముడి ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం!”

వత్తులక్క సూదులు ఒళ్ళో పడేసింది. ఆ రెండింట్లో ఒకటి అసలైన ఉన్ని. రెండోది పసిపిల్లల టోపీలకని తెచ్చిన నైలాన్. పైన చుట్టింది ఉన్ని, లోపల నైలాన్. అంటే ముందు చేసిన వత్తులన్నీ మంచివే. మాట్లాడుతూ, లెక్క తప్పి, విప్పి మళ్ళీ చుట్టిన ఆ ఆఖరి వత్తిలోనే వదిన ముడి ఉంది. ఆ ఆఖరి వత్తి ఇంజన్‌లో బొగ్గు మండే కొలిమి కిందుండే చక్రానిది. అసలే అక్కడ వేడి.

“నైలాన్ నూనె తాగదు వదినా.”

“తాగకపోతే?”

“ఇరుసు కాలుతుంది. లోపల మెత్తటి లోహం ఉంటుంది, అది కరిగి కారిపోతుంది. దాన్ని మళ్ళీ పోసేవాళ్ళు ఇప్పుడెక్కడా లేరు. ఇంజన్ ఇక షెడ్డులోంచి బయటికి రాదు.”

వదిన చేతిలోని నారింజ తొన నోటిదాకా వెళ్ళి ఆగింది. “అయితే చూస్తావేంటి? ఆ గొలుసు లాగు!”

వత్తులక్క చెయ్యి అప్పటికే గొలుసు దాకా వెళ్ళింది. కానీ రైలు కొండ ఎక్కుతోంది. ఇంజన్ ఒక్కో అడుగుకీ ఆయాసపడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెయ్యి దించేసింది.

“ఇక్కడ ఆపితే ఇంత బరువుతో మళ్ళీ కదల్లేదు. చక్రాలు జారి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఉన్న కాస్త నూనె కూడా అయిపోతుంది. పైన నీళ్ళు పట్టే స్టేషన్ దాకా ఆగాల్సిందే.”

“ఎంతసేపు?”

“నన్నడిగితే నాకేం తెలుసు? నేనెప్పుడైనా ఎక్కానా?”

నైలాన్ ఎంత పడిందో, ఉన్ని ఎంత పడిందో తెలియదు. సగం సగమైతే ఎంతో కొంత నూనె దిగుతుంది. పావు వంతే ఉన్ని అయితే ఈపాటికే కమురు వాసన రావాలి. ఆమె అటువైపు కిటికీ దించి, తల బయటపెట్టి, ముక్కు ఎగబీల్చింది. బొగ్గు పొగ తప్ప ఇంకేమీ తెలియలేదు. ఓ నిప్పురవ్వ కంట్లో పడింది.

“రుద్దకు, రుద్దకు! ఇలా తిరుగు.” వదిన ఆమె గడ్డం పట్టుకుని, చేతిరుమాలు కొసతో నలుసు తీసింది. తీస్తూనే గొంతు తగ్గించింది. “ఖాళీగా ఉంటే నా చేతులు ఊరుకోవమ్మా. చిందరవందరగా ఉంటే చూడలేను. తిట్టాలనుంటే తిట్టు. అలా నోరు మూసుకుని ఉంటే నాకు మరీ భయంగా ఉంది.”

“ఇప్పుడు కాదు వదినా.”

కూర్చోలేకపోతోంది. నిలబడితే చేతులు తలుపు పిడి మీదికి పోతున్నాయి. కొండ ఒక మలుపు తిరిగేసరికి మరో మలుపు కనిపించింది. పక్క గదుల్లో జనం ప్రతి మలుపుకీ కేకలు పెట్టి చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ సంతోషం ఆమెకు చెవుల్లో సీసం పోసినట్టుగా ఉంది. ఆఖరికి నీళ్ళ ట్యాంకు కనిపించింది. బండి ఇంకా పాకుతుండగానే ఆమె తలుపు తీసి దూకింది.

“అమ్మా! ఆగకుండా దిగుతారేంటి!” వెనక పెట్టెలోంచి గార్డు అరిచాడు.

ఫొటోల కోసం పరిగెత్తే జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఆమె ఇంజన్ దగ్గరికి చేరింది. డ్రైవరు ఆనవాయితీగా ఒక్కో ఇరుసు పెట్టెకూ చేతి వెనకభాగం ఆనిస్తూ వస్తున్నాడు. ఎడమవైపు చివరిదాని దగ్గర చెయ్యి చటుక్కున వెనక్కి తీశాడు.

“అది తీసెయ్ తమ్ముడూ. అందులో నైలాన్ పడింది.”

అతను మూత ఎత్తి వత్తిని బయటికి లాగాడు. సగం పోగులు నూనె తాగి నల్లగా బరువెక్కాయి. మిగతా సగానికి నూనె పైపైనే అంటింది, వేలితో తుడిస్తే పోయింది.

“ఇరుసు పెట్టె కాలుతోంది గానీ, లోపలి లోహం ఇంకా కరగలేదు,” అన్నాడు. “నైలాన్ ఎలా పడింది అక్కా?”

సంచి చంకన పెట్టుకుని రొప్పుతూ వదిన వచ్చింది. నోరు తెరిచింది. అంతలో వత్తులక్క, “చుట్టింది నేను. చూసుకోలేదు,” అనేసింది. వదిన నోరు మూసుకుంది. ఆ ఇంట్లో అలాంటిది జరిగినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

“దగ్గరున్నవన్నీ పొట్టివే. దీనికి పనికిరావు,” అన్నాడు డ్రైవరు.

గార్డు కూడా వచ్చి సంగతి విన్నాడు. “నీళ్ళు నిండేలోపు తేల్చండి. వెనక మరో బండి వస్తోంది, లైను వదలాలి. కాదంటే డీజిల్ ఇంజన్‌కి కబురు పెడతాను. జనాన్ని దాంతో దించేసి, దీన్ని ఈడ్చుకుపోదాం.”

“కొత్త వత్తి చుక్క వదిలితే బయలుదేరతాను. వదలకపోతే నేనే ఆపేస్తాను,” అని డ్రైవరు నూనె క్యాను అందుకుని, గొట్టంలోకి నేరుగా నూనె పోస్తూ కూర్చున్నాడు.

వత్తులక్క పాత వత్తి విప్పి, నైలాన్ పోగులు ఏరి పారేసింది. రాత్రంతా నానిన ఉన్ని పోగులు అలాగే ఉంచింది. ఇంకో సగం కావాలి. తన ఒంటి మీది స్వెట్టరు చూసుకుంది. అదే ఉన్ని. కుడి చేతి అంచు కత్తిరించి, కొస వదినకు అందించింది.

“లాగండి.”

“అయ్యో, బంగారంలాంటి స్వెట్టరే!”

“లాగండి వదినా!”

వత్తులక్క చెయ్యి చాచి నిలబడితే వదిన వరస వరసా లాగింది. విప్పిన దారం ఉంగరాలు తిరిగి ఉంది. అలా ఉంటే గొట్టంలో కుదురుగా కూర్చోదు.

“ఆవిరి పట్టు. ఇంట్లో అలాగే కదా సాపు చేస్తావు? ఇక్కడ ఆవిరికేం కరువు?”

“తడి తగిలితే నూనె ఎక్కదు. పొడి వేడి కావాలి.” ఆమె కళ్ళు కొలిమి తలుపు పైనున్న అరమీద పడ్డాయి. అక్కడ మరో నూనె క్యాను వెచ్చబడుతోంది. దాన్ని దింపించి, దారాన్ని దాని చుట్టూ బిగువుగా చుట్టించింది. “కదలకుండా నిలబడు మరదలా, మోచెయ్యి ఊపకు,” అని వదిన ఆరిందాలా చెబుతూనే, కాలుతున్న క్యానును చేతులు మార్చి మార్చి పట్టుకుంది. దారం సాపైంది.

చుట్టడానికి మేకుల చెక్క లేదు. “బొటనవేళ్ళు నిలబెట్టండి వదినా. దగ్గరికి రానివ్వకండి. మాట్లాడకండి.”

వదిన రెండు బొటనవేళ్ళూ నిలబెట్టి ఊపిరి కూడా బిగబట్టింది. వత్తులక్క పెదాలు కదిలాయి. చుట్టూ జనం మూగి ఏదేదో అడుగుతున్నారు. ఆమెకు వినిపించలేదు. ప్రతి పోగునూ వేళ్ళ మధ్య నలిపి చూసుకుని మరీ చుట్టింది. నానిన పోగులు మధ్యలో, కొత్తవి చుట్టూ. తీగ దూర్చి, మెలిపెట్టి, తోకలు సమంగా కత్తిరించి, వెచ్చటి నూనెలో ముంచి పిండింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పిండింది. రాత్రంతా పట్టే పని వేళ్ళతో చేయించాలి.

ఇంజన్‌లోని ట్యాంకు నిండి, నీళ్ళు దాని పక్కల మీదుగా పొర్లాయి. గార్డు జేబులోంచి గడియారం తీశాడు.

ఆమె రేకు మూత ఒకటి ఇంజన్ మెట్టు మీద పెట్టి, అందులో నూనె పోసి, వత్తి తోకలు నూనెలో ఉంచి తలను అంచు మీదుగా కిందికి వేలాడదీసింది. అందరూ ఆ కొసవైపే చూశారు. ఏమీ రాలేదు. వదిన ఏదో మొక్కుకుంటున్నట్టు గొణిగింది. కొస దగ్గర పోగులు మెరిశాయి. ఒక చుక్క ఊరి, లావై, వేలాడి, రాలింది.

“పడింది!” అన్నాడు గార్డు.

వత్తులక్క కదల్లేదు. మొదటి చుక్క పిండగా మిగిలిందైనా కావచ్చు. మరో చుక్క పడింది. కాస్త ఆగి ఇంకోటి. తర్వాతదీ అంతే ఎడంలో పడింది. ఆ తర్వాతదీ. డ్రైవరు గొట్టంలోకి పోయడం ఆపి, ఇరుసు పెట్టె మీద చెయ్యి పెట్టి ఉంచాడు. ఈసారి వెంటనే తీయలేదు.

ఆమె వత్తిని మూతలోంచి ఎత్తి, తీగ కొస సరిచేసి అతని చేతికిచ్చింది.

“వేసుకో తమ్ముడూ.”