పాలిష్ పట్టిన ముఖం

శ్రావణమాసం రెండో శనివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో గడియారం చూడటం తప్ప నాకు చదువు పెద్దగా లేదు. ముప్పైఐదేళ్ళ వయసులో బస్సుల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు రాళ్ళకు పాలిష్ పట్టాను. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే ఫోటో స్టూడియో భాయ్ జాలిపడి (నిజానికి ఆయనకు చూపు మందగించి) నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

ముఖాల మీద మచ్చలు చెరపడం నా పని. మచ్చ మీద బాణం పెట్టి నొక్కితే పక్కనున్న చర్మం వచ్చి దాన్ని కప్పేస్తుంది. అన్నేళ్ళు చేతులు పుండ్లు పడేలా రుద్దినవాడికి ఒక్క వేలితో నున్నగా చేసే పని దొరికితే ఆగుతాడా? మొటిమ, గుంట, ముడత, ఏదీ వదల్లేదు. ఒక పెళ్ళికూతురి పుట్టుమచ్చ కూడా లేపేశాను. జనం మురిసిపోతుంటే నేనేదో పెద్ద కళాకారుణ్ణని తలెగరేశాను.

ఆ వారం మా చిన్నాయన ఫోటో చేతికొచ్చింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సోమవారం సంవత్సరీకానికి పటం కట్టించి దండ వేయాలని ఆయన భార్య, మా పిన్నమ్మ పట్టుదల. ఆయన కెమెరాకు చిక్కింది ఒకే ఒక్కసారి, భాయ్ ఫోటోలు తీసిన కూతురి పెళ్ళిలో. ముఖం నిండుగా ఉన్న ఫోటో మా కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. సొంత మనిషి కదా అని రెండు గంటలు కూర్చుని మరీ పాలిష్ పట్టాను.

నేను చెప్పిన ఆ శనివారం పిన్నమ్మ వచ్చి, తెర చూసి, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది.

“ఈయప్ప ఎవురురా?”

“చిన్నాయనే, పిన్నమ్మా.”

“మీ చిన్నాయన యాడుండాడు ఈడ? సబ్బుడబ్బా మీద బొమ్మ మాదిరి ఉండాడు. దీనికి దండేస్తే ఊర్లో వాళ్ళు ఇంకో మొగుడనుకోరా?”

భాయ్ నవ్వాపుకుంటూ, “పాతది తియ్యప్పా, అదే ప్రింటు ఏసిస్తాం” అన్నాడు.

దిద్దిన ఫోటోను వేరే పేరుతో దాచమని ఆయన నెల రోజులుగా చెబుతున్నాడు. పేరు మార్చాలంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. అవి నాకు రావని చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే ఉన్న పేరు మీదే నొక్కేసేవాణ్ణి. పాతది పోయి ఆ చోట్లో కొత్తది కూర్చునేది.

“పాతది లేదు భాయ్. దాని మీదే దాచినా.”

“యా అల్లా! ఎన్ని ఫోటోలు ఇట్ల చేసినావు?”

“అన్నీ.”

భాయ్ కుర్చీలో కూలబడ్డాడు. పిన్నమ్మ మాత్రం నన్నే చూస్తూ, “అంటే ఆయప్ప మొగం ఇంగ లేదా?” అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

కాసేపటికి తానే స్టూలు లాక్కుని తెర మీద వేలు పెట్టింది. “ఈడ, కంటి కింద రెండు గుంటలు, చిన్నప్పుడు అమ్మోరు పోసినప్పటివి. నొసటన ముడత, నన్ను కసిరేటప్పుడు ఇంకా లోతయ్యేది. పెట్టు.” ఆమె చెబుతుంటే, తీసిన చేత్తోనే ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టాను. చివరికి దవడ మీద, ఆయనా బండల పనిలో ఉన్నప్పుడు రాయి పెళ్ళ ఎగిరి తగిలిన గాటు మిగిలింది. మూడుసార్లు గీశాను.

“అది గాటా, వానపామా?” అని కసిరి, నా వైపు తిరిగి ఆగిపోయింది. “రేయ్, నీకూ ఉండాది గదరా అట్లాంటిదే!”

(బండల పని చేసినవాళ్ళలో గాటు లేని ముఖం అరుదు.) భాయ్ వెంటనే కెమెరా అందుకున్నాడు. “దవడ ఇట్ల తిప్పప్పా. నవ్వొద్దు.” నా గాటు తీసి చిన్నాయన దవడకు అతికించాం. పిన్నమ్మ చాలాసేపు చూసింది.

“ఊ. ఇప్పుడొచ్చినాడు. కొంచెం నీ పోలికలు తగిలినాయి. పోనీలే, సర్దుకుంటా.”

మొన్న మా మనవరాలు ఫోన్లో నా ఫోటో తీసి చూపించింది. దవడ అద్దంలా ఉంది. “గాటు యాడ పాయమ్మా?” అంటే, “ఫోనే తీసేస్తుంది తాతా, బాగుండావులే” అంది. అప్పటి నాలాంటి మొండివాడెవడో ఆ ఫోన్లో కూర్చున్నట్టున్నాడు. నాకేం దిగుల్లేదు. నా గాటు పిన్నమ్మ ఇంటి గోడ మీద, దండ కింద భద్రంగా ఉంది.

ఆ రోజు స్టూడియోలో ఉన్నవాళ్ళం: కెమెరా పట్టుకుని భాయ్, స్టూలు మీద పిన్నమ్మ, దవడ తిప్పుకుని నేను, తెర మీద కొద్దికొద్దిగా తిరిగొస్తున్న చిన్నాయన.