రెండు నిమిషాల ఆట కోసం షార్లెట్ దాకా

అట్లాంటా నుంచి షార్లెట్‌కు కారులో వెళ్లేవారికి ఈ దారి గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను వెళ్లింది ఎనభైల మధ్యలో, మా చర్చిలో పరిచయమైన క్వేకు కోసం. ముప్పై దాటినవాడు, ఊరు ఘనాలోని కుమాసీ. డెబ్భైల చివర్లో మా అట్లాంటాలోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఫార్వర్డ్‌గా వచ్చి బోలెడు గోల్స్ కొట్టాడు. తర్వాత ఆ క్లబ్బు మూతబడింది. షార్లెట్‌లో ఒక ఇండోర్ సాకర్ టీమ్, అంటే హాలు లోపల ఫుట్‌బాల్ ఆడే జట్టు, సెలక్షన్‌కు రమ్మంది. అది కూడా పోతే వేసవితో వీసా అయిపోతుంది, ఆటా అయిపోతుంది. అతనికి కారు లేదు.

"వారమంతా డ్యూటీ చేసి మళ్లీ ఇంత డ్రైవింగా అండీ?" అంది మా ఆవిడ రత్నం, పులిహోర డబ్బా అందిస్తూ. "ఒక్క శనివారమే కదా" అన్నాను గానీ, నాకూ ఓపిక లేదు.

పొద్దున ఐదున్నరకు బయలుదేరాం. ఎయిటీఫైవ్ హైవే ఎక్కితే ఇక దారి వెతుక్కోనక్కర్లేదు. అప్పట్లో యాభై ఐదు మైళ్ల వేగం దాటకూడదు, ఐదు గంటలు పట్టింది. గ్రీన్‌విల్ దగ్గర పన్నెండు డాలర్ల గ్యాస్, అదే పెట్రోలు, కొట్టించాం. పక్క హోటల్లో కాఫీ పోసిన పెద్దావిడ అతని మోకాలి పట్టీ చూసి "ఏం ఆడతావు బాబూ?" అంది.

"సాకర్, మేడమ్."

"ఇంకానా?"

క్వేకు నవ్వాడు.

షార్లెట్‌లో ఐస్ హాకీ ఆడే చోట పచ్చ తివాచీ పరిచారు, చుట్టూ చెక్క గోడ. క్వేకు రెండు నిమిషాలు పరిగెత్తి, గోడకు తగిలి వచ్చిన బంతిని గోల్‌లోకి కొట్టాడు. వెంటనే కోచ్ అతన్ని బయటికి పిలిచి వేరొకణ్ణి దింపాడు. అతనికి తెలిసిన ఫుట్‌బాల్‌లో బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లడు. బెంచీ దాటి నేరుగా నా దగ్గరికే వచ్చేశాడు.

"అయిపోయింది బ్రదర్. పోదాం."

"గోల్ కొట్టావుగా?"

"చాల్లేదేమో."

బందరులో కబడ్డీ ఆడినవాణ్ణి నేను. ఔటైనవాడు మళ్లీ రావడం ఎన్నిసార్లు చూడలేదు? ఇక్కడా బయటికొచ్చినవాళ్లే మళ్లీ దిగుతున్నట్టు అనిపించింది. వెళ్లి కోచ్‌ను ఒక్క మాట అడగొచ్చు, అడగలేదు. ఒళ్లు హూనమై ఉంది, త్వరగా ఇల్లు చేరితే చాలనుకున్నాను.

పార్కింగ్‌లో పులిహోర తిన్నాక చూస్తే అతని జర్కిన్ లోపలే ఉండిపోయింది. ఇద్దరం వెనక్కి వెళ్లాం. తలుపు దగ్గర నేల తుడుస్తున్న పెద్దాయన "ఎక్కడికి పోయావయ్యా? నీ నంబరు మూడుసార్లు పిలిచారు" అన్నాడు. ఇండోర్‌లో రెండు నిమిషాలకోసారి అందర్నీ మారుస్తారట, ఊపిరి తీసుకున్నాక మళ్లీ దింపుతారట. క్వేకు కోచ్ దగ్గరికి పరిగెత్తాడు. కోచ్ కోప్పడలేదు. "గోల్ బాగుంది. చెప్పకుండా పోయేవాణ్ణి ఎలా తీసుకోను? ఎంపికైనవాళ్ల లిస్టు ఇచ్చేశాను" అన్నాడు.

తిరుగు దారిలో క్వేకు బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "తప్పు నాదే బ్రదర్. ఇన్నేళ్లు ఆడినవాణ్ణి, రూలేమిటని అడగడానికి సిగ్గుపడ్డాను" అన్నాడు. నాకు అక్కడే అనుమానం వచ్చిందని నేను చెప్పలేదు.

వేసవి చివర్లో అతన్ని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. అప్పుడూ చెప్పలేదు. అలసిపోయానన్న సాకుతో జీవితంలో చాలా పనులు ఎగ్గొట్టాను, వాటిలో ఏదీ ఇంతగా బాధపెట్టలేదు. మీరెవరినైనా ఇలాంటి సెలక్షన్‌కు తీసుకెళ్తే ఒకటే చెప్తాను: కోచ్ తన నోటితో పొమ్మనేదాకా ఆ మనిషిని బెంచీ మీద నుంచి లేవనివ్వకండి.