నాలుగువందల పన్నెండు ఇళ్ళ ఆసామి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కి ఉండరు. తొక్కి ఉంటే ఆ సామెతకి ఇంకో ముక్క అతికించేవాళ్ళు. ఆ ముక్క ఏమిటో యాభై రెండో ఏట తెలుసుకున్న దస్తావేజు లేఖరి ఒకాయన ఉన్నాడు. ఆయన గురించే ఈ నాలుగు మాటలు.

ఆఫీసు ప్రహరీకి ఆనించి వేసిన రేకుల పందిరి కింద ఏడు బల్లలుంటాయి. చివరిది ఆయనది. ముప్ఫై ఏళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. ఇల్లు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆయన ముందు కూర్చుని ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడి మాట్లాడుతుంటే, ఆ రభసంతా విని, తూర్పు హద్దేది, పడమటి గోడ ఎవరిది, మెట్లు ఎవరి వాటా అన్నది తేల్చి కాగితం మీద పెట్టడం ఆయన పని. రాత ముత్యాల్లా ఉండేది. చదువు రానివాళ్ళు కూడా తమ దస్తావేజుని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి మురిసిపోయేవాళ్ళు. కంప్యూటర్లు వచ్చాక టైపు చేస్తున్నాడు గానీ, చిత్తుప్రతి ఇప్పటికీ చేత్తోనే.

ఆయన అసలు పేరు పందిట్లో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ సాక్షి బాబాయి. దస్తావేజుకి ఇద్దరు సాక్షులు కావాలని చిలక్కి చెప్పినట్టు చెప్పినా జనం ఒకణ్ణే వెంటపెట్టుకొస్తారు. రెండోవాడికి జ్వరమో, బస్సు తప్పడమో, ముందురోజు మాటా మాటా రావడమో. "బాబాయ్, ఆ రెండోది మీరు పెట్టేయండి" అంటే చాలు, ఈయన కలం తీసేవాడు. దానికి పైసా పుచ్చుకునేవాడు కాదు. పైగా ఒక చాదస్తం. సంతకం కింద పూర్తి పేరు, పేరు కింద తన గుర్తింపు నంబరు, అన్నీ గుండ్రంగా రాసేదాకా కలానికి మూత పెట్టేవాడు కాదు. మిగతావాళ్ళు కోడి గెలికినట్టు ఒక గీత గీసి పోయేవాళ్ళు. చివరికి ఆ గెలికినవాళ్ళే సుఖపడ్డారు.

"అడ్డమైనవాళ్ళకీ సంతకాలు పెట్టకండి, ఏదో ఒకరోజు మెడకి చుట్టుకుంటుంది" అని భార్య చెబుతూనే ఉండేది. ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు.

ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తుంది. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, జిప్పులు మార్చడం. ఆవిడ మిషను పాతకాలపు ఇనప మిషను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారారు. ఏ ఇంటికి వెళ్ళినా ఓనరుది ఒకటే పాట, చప్పుడు. కిందవాళ్ళకి కునుకు పట్టడం లేదట, పక్కవాళ్ళ పిల్లల చదువు పాడవుతోందట. అందుకని ఆవిడ పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి మిషను కాళ్ళ కింద వేసేది, కిటికీలు మూసేది, సాయంత్రం ఆరు కొట్టగానే ఆపేసేది. ఊరందరికీ ఇళ్ళు రాసిచ్చి తాను పరాయి పంచన బతుకుతున్నాడని పందిట్లో ఎవరైనా ఎకసెక్కమాడితే ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చి ఆ దుప్పటి చూస్తే మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఇళ్ళ ధరలు ఎటు పోతున్నాయో పేపరు చదివి తెలుసుకునేవాళ్ళు వేరు. ఆయన హద్దులు చూసి చెప్పేవాడు. నిరుడు తూర్పున ఖాళీ స్థలం అని రాసిన చోట ఈసారి తూర్పున అయిదంతస్తుల భవనం అని రాయాల్సివస్తే అటువైపు ధర మండుతోందన్నమాట. ఈ రెండేళ్ళుగా హద్దులు కదలడం మానేశాయి. పెద్ద పెద్ద ఫ్లాట్లు కట్టినవాళ్ళు కొనేవాళ్ళు లేక ఈగలు తోలుకుంటున్నారు. రెండు గదుల ఇళ్ళు కావలసినవాళ్ళు బోలెడు, కట్టేవాళ్ళు లేరు. బ్యాంకు వడ్డీ కాస్త దిగింది. సరిగ్గా అప్పుడు వచ్చింది రాయితీ. జన్మలో ఒక్క ఇల్లూ పేరు మీద లేనివాళ్ళు తొలి ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ పన్నులో సగం మాఫీ, ఇంటి అప్పు మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు. గడువు ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు.

ఇలాంటి వార్త వచ్చిన వారానికి చిన్న ఇళ్ళ ధరకి రెక్కలొస్తాయని ఆయనకి తెలుసు. ప్రభుత్వం ఒక చేత్తో ఇస్తే అమ్మేవాళ్ళు రెండు చేతులా లాక్కుంటారు. అందుకే ఆ సాయంత్రమే వెళ్ళి, ఊరు విడిచి చెల్లెలి దగ్గరికి పోదామనుకుంటున్న ఒక రిటైరైన నర్సమ్మతో బేరం కుదుర్చుకున్నాడు. మొదటి అంతస్తులో రెండు గదులు, చిన్న బాల్కనీ. కింద పార్కింగు. భార్య టేపు తెచ్చి బాల్కనీ కొలిచింది. మిషను పెట్టాక ఇంకా నాలుగంగుళాలు మిగులుతుంది.

"కింద కార్లేగా" అంది. "అవి ఫిర్యాదు చెయ్యవుగా?"

నర్సమ్మ మాట మీద నిలబడే మనిషే గానీ ఆవిడకీ తొందరలున్నాయి. ఆఖరి రోజు దాకా ఆగుతానంది, ఆ తర్వాత ఎక్కువ ఇచ్చేవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు. ఈయన లెక్కంతా రాయితీ మీద ఆధారపడింది. అది లేకపోతే ఎన్ని చోట్ల అప్పు తెచ్చి కూడేసినా డబ్బు చాలదు, ఆ బాల్కనీ ఇంకొకరిదైపోతుంది.

గడువు తొమ్మిది రోజులుందనగా రాయితీ పత్రం కోసం కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కంప్యూటర్ ఆపరేటరు పిల్ల ఆయనకి కూతురి వయసుది. నంబరు కొట్టి, తెర చూసి, మళ్ళీ కొట్టింది.

"బాబాయ్, మీకు ఇళ్ళున్నాయి."

"నాకా? ఎవరే తల్లీ చెప్పింది?"

"సిస్టం చెప్తోంది. నాలుగువందల పన్నెండు."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఆ పిల్ల నవ్వడం లేదని గమనించాడు. అయిదేళ్ళ కింద పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరుకెక్కించే పని ఎవరికో కాంట్రాక్టిచ్చారు. వాళ్ళు కాగితం మీద నంబరున్న ప్రతి పేరునీ హక్కుదారుడి కింద ఎక్కించేశారు. గీత గీసి పోయిన సాక్షులు తప్పించుకున్నారు. గుండ్రంగా నంబరు రాసిన ఒక్క మనిషి ఊళ్ళో సగం వీధులకి యజమాని అయి కూర్చున్నాడు. తప్పు దిద్దమని పెద్దాఫీసుకి రాస్తే మూణ్ణెల్లు.

ఇంటికెళ్ళి చెప్పాడు. మెడకి చుట్టుకుంటుందన్నానా లేదా అని విరుచుకుపడుతుందనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ నోట్లో ఉన్న గుండుసూది తీసి దిండుకి గుచ్చింది.

"నాలుగొందల ఇళ్ళట. ఒక్కదాంట్లో నా మిషను పట్టలేదు" అంది. ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆఫీసరమ్మ ముందుకి వెళ్ళాడు. మూణ్ణెల్ల కింద బదిలీ మీద వచ్చిన ఆవిడకి పందిరి పెట్టిన పేరు రూళ్ళకర్ర. ఈయన చంకలో పదకొండు ఇళ్ళ అద్దె ఒప్పందాలు, అన్నీ తన చేత్తో రాసుకున్నవే, తేదీల వారీగా కుట్టి ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా తిరగేసింది.

"బాగా రాశారు. కానీ ఇల్లున్నవాళ్ళు కూడా అద్దెకుంటారు కదండీ. ఇది మీకు ఇల్లు లేదనడానికి రుజువు కాదు."

ఆవిడన్నది నిజమే. అదే ఆయనకి ఎక్కువ బాధ. ముప్ఫై ఏళ్ళుగా తానూ జనానికి ఇలాంటి మాటలే చెప్పాడు.

"పోనీ ఆ జాబితా చూడండి మేడమ్. అన్ని ఇళ్ళున్నవాడు ఆ పందిట్లో ఎండకి ఎందుకు మాడతాడు?"

ఆవిడ జాబితా తీసి పేజీలు తిప్పింది. ఏడో పేజీలో చెయ్యి ఆగింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చదివింది.

"ఇది మా ఇల్లు" అంది.

ఆవిడ వీధి పేరు పైకి చదివింది. ఆయనకి ఆ వీధి పేరు వినగానే హద్దులు గుర్తొచ్చాయి. ఉత్తరాన పిండిమిల్లు, దక్షిణాన మురుగుకాలువ.

"బస్సు కండక్టరుగారిల్లా అమ్మా? పద్దెనిమిదేళ్ళ కిందట. ఆ రోజు కుండపోత వాన. రెండో సాక్షి రాలేదు. నాన్నగారు సెలవు పెట్టి వచ్చారు, మర్నాటికి వాయిదా పడితే మళ్ళీ సెలవు దొరకదని చెమటలు పట్టి నిలబడ్డారు. నేనే పెట్టాను."

ఆవిడ బంట్రోతుని పంపి రికార్డు గదిలోంచి ఆ ఏడాది మూల రిజిస్టరు తెప్పించింది. దుమ్ము దులిపి తెరిస్తే అట్టడుగున, రెండో సాక్షి గీత మీద, ముత్యాల్లాంటి పేరు, దాని కింద నంబరు. ఎంత కఠినమైన మనిషైనా తన ఇల్లు ఇంకొకరి పేరు మీద చూస్తే కదులుతుంది.

"అయితే మీకు నేను పద్దెనిమిదేళ్ళ అద్దె ఇవ్వాలన్నమాట" అంది. రూళ్ళకర్ర నవ్వడం ఆఫీసులో అదే మొదటిసారి.

నవ్వినా రూలు వదల్లేదు. "కంప్యూటర్లో దిద్దే అధికారం నాకు లేదు. కానీ మూల రిజిస్టరుతో సరిచూసి పత్రం ఇచ్చే అధికారం ఉంది. ఒక్కటి చూసి ఇవ్వను. నాలుగువందల పన్నెండూ చూడాలి. నా సిబ్బంది ముగ్గురే, సంవత్సరాంతం."

ఈ కబురు పందిరికి చేరడానికి పావుగంట పట్టలేదు. మిగతా ఆరు బల్లలవాళ్ళూ ఈయనకి స్నేహితులేం కాదు, ఒకళ్ళ బేరం ఒకళ్ళు ఎగరేసుకుపోయే రకం. అయినా సాయంత్రం పని ముగియగానే ఆరుగురూ వచ్చి రికార్డు గది ముందు నిలబడ్డారు. "బాబాయి ఇల్లు కొనుక్కుంటే ఆ బల్ల ఖాళీ అవుతుందేమోనని మా ఆశ" అన్నాడొకడు. ఆఫీసరమ్మ ఒప్పుకుంది. వాళ్ళు రిజిస్టర్లు దించి పేజీ తీసి పెట్టేవాళ్ళు, ఆపరేటరు పిల్ల నంబరు చదివేది, ఆవిడ కళ్ళతో చూసి టిక్కు పెట్టేది. ఈయన్ని మాత్రం లోపలికి రానివ్వలేదు, తన వ్యవహారం తాను ముట్టుకోకూడదని. ఆరు సాయంత్రాలు వరండాలో బల్ల మీద కూర్చుని, లోపలినుంచి "సాక్షి", "సాక్షి", "సాక్షి" అని వినబడుతుంటే విన్నాడు. ఎక్కడైనా ఒక్కచోట పొరపాటున కొనుగోలుదారు అనే మాట వస్తుందేమోనని, తాను చెయ్యని తప్పుకి కూడా భయపడ్డాడు.

గడువుకి ఒక్కరోజు ముందు ఆఖరిది తేలింది. ఆవిడ పత్రం మీద ముద్ర కొట్టి చేతికిచ్చింది. తన పేరు మీద ఒక్క ఇల్లూ లేదని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం చూసి అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు. మెట్లు దిగాడు. కుళాయి దగ్గర ఆగి ముఖం కడుక్కుని, చేతులు తుడుచుకుని కాగితం ఇంకోసారి చదువుకున్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి పిలుపొచ్చింది. నర్సమ్మ సంతకం పెట్టింది. ఆయనతో కలిసి కొంటున్న భార్య పెట్టింది. మొదటి సాక్షిగా టీకొట్టాయన పెట్టాడు. రెండో సాక్షి బావమరిది. ఆ మహానుభావుడి బస్సు దారిలో ఆగిపోయిందని అప్పుడే ఫోను. జనం ఒకణ్ణే తెస్తారని ముప్ఫై ఏళ్ళు విసుక్కున్న మనిషికి ఆ శాస్తి జరగాల్సిందే. కాగితం ఈయన ముందుకొచ్చింది. కలం తీసి, అలవాటు కొద్దీ, తిన్నగా రెండో సాక్షి గీత దగ్గర పెట్టాడు.

"ఆగండాగండి!" ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచింది. "మీది అక్కడ కాదు. పైన. కొనేవారు అని ఉంది చూడండి."

సిరా చుక్క మాత్రమే పడింది. అందరూ గొల్లుమన్నారు. ఆయన పైన సంతకం పెట్టాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి రాత ముత్యాల్లా రాలేదు. రాకపోయినా దిద్దలేదు.

"సాక్షి నేను పెడతా" అని ఆరు బల్లలవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే, వెనక బెంచీ మీదనుంచి ఒక పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. కూతురు ఇంట్లో సంగతి చెబితే చూసిపోదామని వచ్చి మధ్యాహ్నం నుంచీ కూర్చున్నాడట.

"తప్పుకోండయ్యా. ఈ సంతకం నేను పద్దెనిమిదేళ్ళ కిందటే బాకీ పడ్డాను" అన్నాడు కండక్టరు. సరిగ్గా ఆ సిరా చుక్క మీదుగా పెట్టాడు.

"నంబరు రాయకండి సార్" అన్నాడు సాక్షి బాబాయి. "రేపు మా ఇల్లు మీదే అంటుంది కంప్యూటరు."

వారం తిరక్కుండా సామాను చేర్చారు. మిషను బాల్కనీలో అమిరింది, అనుకున్నట్టే నాలుగంగుళాలు మిగిలాయి. ఆవిడ అలవాటుగా దుప్పటి మడత పెట్టబోయి, ఆగి, దాన్ని దులిపి దండెం మీద ఆరేసింది. కిటికీ బార్లా తీసి తొక్కడం మొదలుపెట్టింది. ఇల్లంతా దడదడలాడింది. లోపల కాగితాలు సర్దుకుంటున్న ఆయన ఉలిక్కిపడి వచ్చాడు.

"ఇదేంటే, ఇంత చప్పుడు చేస్తుందా ఇది?"

"ఎప్పుడూ ఇంతే" అంది ఆవిడ తల ఎత్తకుండా. "ఇన్నాళ్ళూ నేనే నోరు నొక్కి ఉంచాను."

ఆయన గుమ్మంలోనే కింద కూర్చుని గోడకి చేరబడ్డాడు. గడియారం ఆరు దాటింది. ఆవిడ ఆపలేదు.